అత్తగారి లాంటి రిటైనర్

నోరు మంచిదైతే ఊరు మంచిదని సామెత. కజాఖుల తరాజ్ పట్నంలో తిలేగెన్‌కు ఊరంతా మంచిదే. ఆ చుట్టుపక్కల పెళ్ళయినా, పిల్లాడు పుట్టినా, ముసలాయనకు డెబ్బై నిండినా, మైకు పట్టుకుని విందు నడిపించే అసాబా అతనే. ఎవరిని ముందు మాట్లాడించాలి, ఎవరిచేత పాడించాలి, ఏ వియ్యంకుడి చేతిలోంచి మైకు ఎప్పుడు లాక్కోవాలి అన్నది అతనికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. అతని ఇంటి పొయ్యి వెలిగేది ఆ నోటి మీదే.

అంత గొప్ప నోట్లో ఒక చిన్న లోపం ఉండేది. పైవరస ముందు పళ్ళ మధ్య సందు. "స" అన్నప్పుడల్లా ఆ సందులోంచి మైకులోకి ఈల పోయేది. ఒక పెళ్ళిలో "సభకు స్వాగతం" అనగానే పెళ్ళివారి కుక్క లేచి వచ్చి ఎదురుగా తోక ఆడిస్తూ కూర్చుంది. జనం పెళ్ళికూతురిని వదిలేసి కుక్కను ఫోటోలు తీశారు. మర్నాడే తిలేగెన్ పళ్ళ డాక్టరమ్మ మోల్దిర్ దగ్గరికి పరిగెత్తాడు.

ఆవిడ అలైనర్లు ఇచ్చింది. అంటే గాజులా కనిపించే పలచని ప్లాస్టిక్ తొడుగులు. పది రోజులకొకటి మారుస్తూ పోతే పళ్ళు ఇంతింత చొప్పున జరుగుతాయి. ఏడాదిన్నరకు సందు మూసుకుంది, ఈల ఆగింది, కుక్కలు రావడం మానేశాయి. అప్పుడు డాక్టరమ్మ ఇంకో తొడుగు ఇచ్చింది. దాని పేరు రిటైనర్. జరిగిన పళ్ళు బెంగపెట్టుకుని పాత చోటికి పోకుండా రోజూ రాత్రి పెట్టుకుని పడుకోవాలి. "ఎన్నాళ్ళు?" అని తిలేగెన్ అడిగాడు. "పళ్ళున్నన్నాళ్ళు" అంది డాక్టరమ్మ.

అతని భార్య కమ్షాత్ మందుల దుకాణంలో పనిచేస్తుంది. భర్త చిరునవ్వు చూసి ఆవిడకూ ముచ్చట పుట్టి మూడు నెలల కిందట తనూ అలైనర్లు మొదలుపెట్టింది. సరిగ్గా ఆ రోజునుంచే తిలేగెన్ రిటైనర్ పెట్టుకోవడం మానేశాడు. ఇంట్లో ఒకరు కష్టపడుతుంటే రెండోవాళ్ళు కూడా కష్టపడటం దండగని అతని నమ్మకం.

కథంతా ఒక గురువారం పొద్దున టీ దగ్గర మొదలైంది. కమ్షాత్ ఆ పూటే తొమ్మిదో అలైనర్‌కు మారింది. దాన్ని తీసి డబ్బాలో పెట్టి, రొట్టె కొరకబోయి దవడ పట్టుకుంది.

"అబ్బా! పళ్ళన్నీ ఒక్కసారి పోట్లాడుకుంటున్నాయి."

"రెండు రోజులే కదా. తర్వాత వదులైపోతుంది" అన్నాడు తిలేగెన్, వేయించిన పిండి ఉండను వెన్నలో ముంచుతూ. "నా రిటైనర్ సంగతి చెప్పు. అది జీవితఖైదు."

"మీదేం ఖైదండీ? జరపదు, నొక్కదు. ఊరికే కూర్చుంటుంది."

"ఊరికే కూర్చునేదాన్ని భరించడమే కష్టం. అలైనర్ అంటే కొత్త కోడలు. పలచగా ఉంటుంది, వంగుతుంది, పది రోజులకో చీర మారుస్తుంది, ఇల్లంతా అటూ ఇటూ సర్దేస్తుంది. రిటైనర్ అలా కాదు, అత్తగారు. మందం, బిరుసు. ఒక్క వస్తువు చోటు మారడానికి వీల్లేదంటుంది. వంగదు. అంచు చిగురుకు తగులుతూ నేనున్నానని గుర్తు చేస్తూనే ఉంటుంది. కళ్ళకు గంతలు కట్టి నోట్లో పెట్టినా ఏది ఏదో చెప్పేస్తాను."

"అంత బాగా తెలుసా?"

"రోజూ పెట్టుకునేవాడికి తెలియదా?"

"రోజూ పెట్టుకుంటున్నారా?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు తిలేగెన్ మూతి తడుముకున్నాడు. తర్వాత విందులో వాడే గొంతు బయటికి తీశాడు. "కమ్షాత్! ఈ మూడు నెలల్లో నేను ఒక్క రాత్రి తప్పానని తేలితే ఏడాది పాటు మన చుట్టాల ఇళ్ళలో ఎక్కడ టీ జరిగినా సమోవర్ పక్కన కూర్చుని పోసేవాణ్ణి నేనే!"

మామూలు శపథం కాదిది. ఆ వంశంలో ఇరవై ఏళ్ళుగా, టీ నీళ్ళు మరిగే ఆ ఇత్తడి సమోవర్ పక్కన కూర్చుని టీ పోసేది కమ్షాత్. నలభై మంది చుట్టాలు, మనిషికి ఎనిమిదేసి గిన్నెలు, ఎవరికి పాలెక్కువ, ఎవరికి మీగడ, ఎవరికి డికాషన్ ముదరాలి అన్నీ గుర్తుంచుకోవాలి. ఆవిడ తాగే గిన్నె ఎప్పుడూ ఆఖరిది, ఎప్పుడూ చల్లటిది. తిలేగెన్ ఎప్పుడూ కూర్చునేది గది పైభాగంలో, పెద్దవాళ్ళ పక్కన, దిండుకు ఆనుకుని.

"మాట తప్పరుగా?" అంది కమ్షాత్.

"అసాబా మాట!"

"సరే. సోమవారం మోల్దిర్ దగ్గరికి నేను వెళ్ళాలి. మీరూ రండి, మీ పళ్ళూ చూస్తుంది."

తిలేగెన్ నోట్లో పిండి ఉండ అలాగే ఆగిపోయింది.

ఈ మూడు నెలలూ అతను చేసిందేమిటంటే, పడుకునే ముందు నీలం డబ్బా మూత తీసి, ఒక క్షణం ఆగి, టక్‌మని మూసి, నోరు బిగించి పడుకోవడం. భార్యకు వినిపించాల్సింది ఆ టక్కే కదా. ఈమధ్య ఆ టక్‌తో పాటు లోపల గల్‌మని చిన్న చప్పుడు కూడా వస్తోంది. డబ్బా పాతబడిందనుకున్నాడు.

ఆవిడ దుకాణానికి వెళ్ళగానే స్నానాల గదిలోకి దూరి గడియ పెట్టి రిటైనర్ బయటికి తీశాడు. దాంతోపాటు ఒక వరిగ గింజ కూడా జారిపడింది. దాన్ని కాలితో పక్కకు నెట్టి, తొడుగు పళ్ళ మీద పెట్టి బొటనవేళ్ళతో నొక్కాడు. ఎడమవైపు కూర్చుంది. కుడివైపు గాలిలో ఉండిపోయింది. ఇంకొంచెం నొక్కేసరికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఒకప్పుడు చెప్పులా సులువుగా ఎక్కిన వస్తువు ఇప్పుడు చిన్నప్పటి బూటు అయింది. అద్దంలో చూస్తే ముందు పళ్ళ మధ్య వెంట్రుకవాసి చీకటి కనిపించింది. "స... స..." అని అన్నాడు. చాలా దూరంగా, చాలా సన్నగా, ఈల.

అప్పుడు తిలేగెన్‌కు నిజంగానే భయం వేసింది. సమోవర్ ఒకటే అయితే ఎలాగో తప్పించుకోవచ్చు. ఈల తిరిగొస్తే మైకే పోతుంది. సోమవారం దాకా నాలుగు రోజులున్నాయి. పగలూ రాత్రీ పెట్టుకుని పళ్ళను పాత దారికి తెచ్చేస్తే డాక్టరమ్మకూ తెలియదు, పెళ్ళానికీ తెలియదు అని లెక్క వేసుకున్నాడు. కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లి కూడా ఇలాగే లెక్క వేసుకుంటుంది.

శనివారం అతని అన్న దుయ్సెన్ ఇంట్లో పండుగ. దుయ్సెన్ మనవడు అల్దియార్ మొదటి అడుగులు వేశాడు. పిల్లాడి కాళ్ళకు నలుపు తెలుపు తాడు కట్టి, దాన్ని కోసి నడిపించి, ఊరందరికీ మాంసం పెట్టే రోజు. మైకు ఎవరిదో చెప్పక్కర్లేదు. నోట్లో రిటైనర్ కూడా ఎవరిదో చెప్పక్కర్లేదు.

"శభలోని పెద్దలకు, శోదరులకు, వియ్యాలవారికి శుశ్వాగతం!" అని మొదలుపెట్టాడు తిలేగెన్.

ముందు వరసలో ఒక వియ్యపురాలు పక్కావిడతో, "పొద్దున్నే మత్తెక్కించే పులిసిన గుర్రం పాలు పట్టించాడు పాపం" అంది.

తాడు కోయడానికి పిల్లాడి మేనమామను పిలిచాడు. "శరశరా కోశి, మన శింహాన్ని నడిపించండి!" అన్నాడు. మేనమామకు అర్థం కాక కత్తెర పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. విసుగొచ్చి పిల్లాడే తాడుతో సహా నడిచి పడ్డాడు.

వడ్డనకు వెళుతూ కమ్షాత్ అతని పక్కన ఆగింది. "ఏమండీ, నాలుక కాలిందా?"

"టీ వేడి" అన్నాడు తిలేగెన్. ఆ రెండు మాటల్లోనూ "స" లేనందుకు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు.

మాంసం వచ్చింది. ఏ తొడుగూ మాంసం నమలనివ్వదు, ఏ కజాఖు వాడూ తొడుగు కోసం మాంసాన్ని వదలలేడు. తిలేగెన్ అటూ ఇటూ చూసి, చేతిరుమాలు అడ్డం పెట్టుకుని రిటైనర్ తీసి, కాగితం రుమాలులో చుట్టి, కంచం పక్కన పెట్టాడు. డబ్బా ఇంట్లోనే వదిలేశాడు. జేబులో నీలం డబ్బా కనిపిస్తే పగలు ఎందుకని కమ్షాత్ అడుగుతుందని అంత జాగ్రత్త.

ఇంతలో పెరట్లోంచి కేకలు. వియ్యాలవారికీ మనవాళ్ళకూ పాటల పోటీ, అసాబా లేనిదే సాగదట. చేతులు తుడుచుకుని పరిగెత్తాడు. నోట్లో ఏమీ లేదు కదా, గొంతు గుర్రంలా దూకింది. గంటసేపు పాడించాడు, ఆడించాడు, ఒక వియ్యంకుడి చేతిలోంచి మూడుసార్లు మైకు లాక్కున్నాడు.

తిరిగొచ్చేసరికి పరిచిన గుడ్డ మీద ఏమీ లేదు. కంచం లేదు, రుమాలు లేదు. వదిన రబిగా ఖాళీ గుడ్డ దులుపుతోంది.

"వదినా, ఇక్కడున్నవన్నీ ఏవి?"

"ఇంకేముంది మరిదీ, సర్కిత్ కట్టి పంపించేశాం."

తిలేగెన్ గుండె జారి పొట్టలోని మాంసం మీద పడింది. విందు నుంచి ఎవరూ ఉత్త చేతులతో పోకూడదు. గుడ్డ మీద ఉన్నవన్నీ, మాంసం ముక్కలు, పిండి ఉండలు, మిఠాయిలు, సంచుల్లో కట్టి చుట్టాల చేతిలో పెడతారు. అదే సర్కిత్. దాన్ని మిగులు అనడం తప్పు, దీవెన అనాలి. కోడళ్ళు గబగబా చేతికందింది సంచుల్లో వేస్తారు. కాగితం రుమాలులో చుట్టి పెట్టింది ఏదైనా సరే, అపురూపమైన ముక్కే అనుకుంటారు.

"నా పక్కన కూర్చున్నవాళ్ళ సంచులు ఎవరు కట్టారు?"

"నీ పెళ్ళామే" అంది రబిగా.

కమ్షాత్‌ను అడిగితే పోయేది. కానీ ఏమని అడుగుతాడు? రాత్రి పెట్టుకునే వస్తువు మధ్యాహ్నం కంచం పక్కన ఏం చేస్తోందని అడిగితే చెప్పడానికి నోట్లో తొడుగే కాదు, మాట కూడా లేదు. గుమ్మం దగ్గర నుంచి చూశాడు. ఆవిడ సమోవర్ పక్కన కూర్చుని మూడో విడత టీ పోస్తోంది. తేలు కుట్టిన దొంగలా చప్పుడు చేయకుండా బయటపడ్డాడు.

ఆ వైపు కూర్చున్నవాళ్ళు ముగ్గురు. ముగ్గురూ దగ్గర వీధులవాళ్ళే. అక్కడి కోడళ్ళు అత్తింటివాళ్ళను పేరు పెట్టి పిలవకూడదు, ఎవరికి వాళ్ళే ముద్దుపేర్లు పెట్టుకోవాలి. కమ్షాత్ పెట్టిన పేర్లలో చెప్పాలంటే తాళాల వదిన, గంట పెద్దమ్మ, పంచదార అపా, అంటే పంచదార అవ్వ.

తాళాల వదిన ఇంట్లో ఉప్పు డబ్బాకు కూడా తాళం ఉంటుంది. తిలేగెన్ గుమ్మంలో నిలబడే, "వదినా, నీ సంచిలో పొరపాటున ఒక కాగితం రుమాలు..." అన్నాడు.

"ముందు లోపలికి రా. రొట్టె ముట్టకుండా గుమ్మం దాటి పోతావా? మా ఇల్లు ఏం పాపం చేసింది?"

రొట్టె ముట్టాడు. ముట్టినవాడు కూర్చోవాలి. కూర్చున్నవాడు టీ తాగాలి. నాలుగు గిన్నెలయ్యాక ఆవిడ అడిగింది. "ఇంతకీ ఆ రుమాలులో ఏముంది?"

తిలేగెన్ నాలుకకు అబద్ధం కోసం వెతుక్కునే అలవాటు లేదు, అదే వస్తుంది. "కుల్పాష్ అపా తన చేత్తో ఇచ్చిన ముక్క వదినా. హాస్టల్లో ఉన్న మా అమ్మాయి పరీక్షల కోసం."

అనకుండా ఉండాల్సిన మాట అది. కుల్పాష్ అపాకు తొంభై ఒకటి. ఆవిడ ముట్టిన ముక్క తింటే ఆవిడ ఆయుష్షు వస్తుందని ఊరి నమ్మకం. తాళాల వదిన కళ్ళు పెద్దవయ్యాయి. సంచి మొత్తం బోర్లించింది. రుమాలు లేదు. "ఉత్త చేతులతో ఎలా పోతావు?" అని అతని చేతిలో ఇంకో సంచి పెట్టింది. అతను వీధి మలుపు తిరగక ముందే ఫోను తీసింది.

కాబట్టి గంట పెద్దమ్మ ఇంటికి తిలేగెన్ కంటే ముందు వార్త చేరింది. ఆవిడ గొంతు నాలుగిళ్ళ అవతల నుంచే వినిపించింది. "రా నాయనా రా! రొట్టె ముట్టు! రుమాలు దొరికింది! అపా దీవెన మా ఇంటికొచ్చింది!"

"ఏదీ పెద్దమ్మా, ఇలా ఇవ్వు!"

"ఇంకెక్కడిది? ముగ్గురు కోడళ్ళకూ పంచేశాను. చిన్నదానికి పిల్లలు లేరు కదా, దానికి పెద్ద ముక్క పెట్టాను."

తిలేగెన్ ముఖం పాలిపోయింది. "తినేశారా? ఎలా ఉంది?"

"ఎలా ఉంటుంది, దీవెనలా ఉంది! కాస్త గట్టిగా ఉంది, సుత్తితో పగలగొట్టాం."

"సుత్తితోనా?"

"ఉప్పుప్పగా కూడా ఉంది."

తిలేగెన్ గోడ పట్టుకున్నాడు. చిన్న కోడలు పాపం ఇంకా బుగ్గలో పెట్టుకుని చప్పరిస్తోంది. "అమ్మా, కొంచెం నోరు తెరువు" అన్నాడు. బావగారి వరసవాడు అలా అడిగేసరికి ఆ పిల్ల సిగ్గుతో తల వంచుకుని నోరు తెరిచింది. లోపల తెల్లటి ఎండు పెరుగు ఉండ ముక్క. అంతే, కుర్త్. రాతికి చుట్టం లాంటిది. తిలేగెన్ ఊపిరి పీల్చుకున్నాడు. ఆ ఆనందంలో అయిదు గిన్నెల టీ, పళ్ళెం నిండా మాంసం, ఇంకో సంచి స్వీకరించాడు.

మూడో ఇల్లు సాక్షాత్తూ కుల్పాష్ అపాది. కమ్షాత్ భాషలో పంచదార అపా. తిలేగెన్ తండ్రికి మేనత్త. నోట్లో ఏడు బంగారు పళ్ళు. అతను గుమ్మంలో చెప్పులు విడుస్తుంటేనే ఆవిడ లోపల నుంచి అంది. "రా నాయనా. నేను నీకేదో ముక్క ఇచ్చానట? ఎప్పుడిచ్చాను? ఈమధ్య నాకు మతిమరుపు."

తిలేగెన్ రెండు సంచులతో కూలబడ్డాడు. పెద్దావిడ ముందు అబద్ధం నిలవలేదు. "అపా, నువ్వేమీ ఇవ్వలేదు. నా పళ్ళ తొడుగు పోయింది. కమ్షాత్‌కు తెలిస్తే నన్ను సమోవర్ దగ్గర కూర్చోబెడుతుంది."

"అయ్యో అయ్యో! మగపిల్లాడివి, అసాబావి!" అంది అపా. తర్వాత దిండు కింద నుంచి ఒక కాగితం రుమాలు తీసింది. విప్పితే లోపల గాజులాంటి తొడుగు. "ఇదేనా?"

తిలేగెన్ ఆవిడ చేతులు పట్టుకున్నాడు. కళ్ళలో నిజంగానే నీళ్ళొచ్చాయి. "అపా, నా మైకు తిరిగిచ్చావు! కమ్షాత్‌కు చెప్పకు."

"నేనెందుకు చెబుతాను? ఆవిడకు నేను చెప్పగలిగేది ఏముంది?" అని అపా బంగారంగా నవ్వింది. "నా పళ్ళు చూడు. యాభై ఏళ్ళయింది కట్టించి, గింజంత జరగలేదు. మీ పళ్ళకు కాపలా కావాలి. మీ మాటలకూ కావాలి. సరే, ముందు తిను. ఇంత దూరం తిరిగి ఎంత ఆకలిగా ఉన్నావో."

తిలేగెన్‌కు ఆకలి లేదు. ఆ మాట తొంభై ఒక్క ఏళ్ళ మనిషితో చెప్పే ధైర్యం కూడా లేదు. ఆవిడ చేత్తో కలిపి పెట్టిన మాంసం, అరచేతంత పిండి పొరలు, రసం, ఆరు గిన్నెల టీ. లేవబోతే మూడో సంచి.

ఎండ వాలుతుండగా ఇంటి గేటు దగ్గర ఆగాడు. తొడుగును నీళ్ళ బాటిల్‌తో కడిగి నోట్లో పెట్టుకున్నాడు. కూర్చోలేదు. తిప్పి పెట్టాడు. కూర్చోలేదు. ఎడమా లేదు, కుడీ లేదు, ఏ పన్నూ దాన్ని గుర్తుపట్టలేదు. "ఒక్క రోజులో ఇంత జరిగిపోయాయా!" అనుకున్నాడు. సోమవారానికి ఇక దేవుడే దిక్కు. ఈ పూటకు మాత్రం పైపెదవితో నొక్కి పట్టి లోపలికి నడిచాడు.

కమ్షాత్ అప్పటికే ఇల్లు చేరి, టీ బల్ల సర్దుకుని కూర్చుంది.

"ఎక్కడికి వెళ్ళారండీ? మూడు సంచులు! అందరూ మిమ్మల్నే దీవించినట్టున్నారు."

"ఊఁ" అన్నాడు తిలేగెన్.

"ముఖం అలా ఉందేం? నోట్లో ఏదైనా ఉందా?"

దాచి లాభం లేదనిపించింది. దాచలేనప్పుడు గొప్పగా చెప్పుకోవడం అతని వృత్తి. పళ్ళ మధ్య నుంచే అన్నాడు. "రిటైనర్. పగలు కూడా పెట్టుకుంటున్నా. శ్రద్ధ!"

"మంచిదే! ఎలా ఉంది? వదులుగా ఏమైనా..."

"అబ్బే. బిగువు! ఒక్క రాత్రి తప్పనివాడికి వదులెలా అవుతుంది?"

"మందంగానే ఉందా?"

"మందం. బిరుసు. అంచు చిగురుకు తగులుతూనే ఉంది. అచ్చం అత్తగారు!"

"కళ్ళు మూసుకుని చెప్పండి, అలైనర్ కాదు కదా?"

తిలేగెన్ కళ్ళు కూడా మూసుకున్నాడు. గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "కమ్షాత్! ఇది నా రిటైనర్ అని ఈ సభ..."

"సభ" అనే మాటకు పైపెదవి లేచింది. తొడుగు జారి టీ గిన్నెలో టపుక్కున పడింది.

కమ్షాత్ చెంచాతో దాన్ని పైకి తీసి, తుడిచి, వెలుతురుకు పట్టుకుంది. వేళ్ళ మధ్య నొక్కితే అది మెత్తగా వంగింది. "పలచగా ఉంది. వంగుతోంది. అంచు వంకీలు వంకీలుగా చిగురు దాకా కూడా రాలేదు. ఏమండీ, రిటైనర్ మీద అంకె ఉంటుందా?"

"అంకెందుకు ఉంటుంది? అది ఒక్కటే కదా" అన్నాడు తిలేగెన్, ఆ మాట అంటూనే నాలుక కరుచుకుంటూ.

"ఇక్కడ ఎనిమిది అని ఉంది చూడండి. ఇది నా పాత అలైనర్. కొత్తది పోతే పనికొస్తుందని వెనకటిది దగ్గర ఉంచుకోమంటుంది మోల్దిర్. నా చేతిసంచిలోనే ఉంది. శుభ్రంగా కడిగే చుట్టానులెండి. నేనే అపా చేతికిచ్చి, మీకు బాగా భోజనం పెట్టమని చెప్పాను."

అని కోటు జేబులోంచి నీలం డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. లోపల తిలేగెన్ రిటైనర్, మందంగా, బిరుసుగా, అత్తగారిలా కూర్చుని ఉంది.

"కంచం పక్కన కాగితం రుమాలు మడత చూస్తే లోపలేముందో నాకు తెలియదా? రోజుకు ఆరుసార్లు నేనూ అదే పని చేస్తున్నా."

తిలేగెన్‌కు ఇంకా చిన్న ఆశ మిగిలింది. "అది సరే. పగలు పెట్టుకోవడం తప్పు కాదు కదా? రాత్రిళ్ళు నేను పెట్టుకోలేదని ఎవరు చెప్పారు?"

"వరిగ గింజ."

"ఏ గింజ?"

"మీ డబ్బా ఎప్పుడు చూసినా ఎండిపోయి ఉంటోందని, రెండు నెలల కిందట తొడుగు వంపులో ఒక వరిగ గింజ వేశాను. పెట్టుకునే మనిషైతే ఆ రాత్రే తీసి పారేసేవాడు. రోజూ పక్కమీద పడుకుని వింటున్నా. టక్, గల్. టక్, గల్. గురువారం రాత్రి ఉత్త టక్ వినిపించింది. ఆహా, మా ఆయన భయపడ్డాడు అనుకున్నా."

మూడు ఇళ్ళలో పదిహేను గిన్నెల టీ తాగిన మనిషి గొంతు ఎండిపోయింది. కమ్షాత్ నవ్వలేదు. గిన్నె పక్కకు జరిపి, "ఆ సందు మూసుకున్న రోజు నాకంటే సంతోషించినవాళ్ళు లేరండీ" అంది. "మీ ఈల విని జనం నవ్వుతుంటే సమోవర్ వెనకాల తల వంచుకున్నది నేనే. దాన్ని మళ్ళీ తెచ్చుకుంటున్నారని కోపం. అబద్ధం ఆడినందుకు అంతకంటే కోపం."

తిలేగెన్ ఈసారి విందు గొంతు తీయలేదు. తప్పు చేశానని ఒప్పుకున్నాడు. ఆ ఇంట్లో అతని నోటి నుంచి మైకు లేకుండా వచ్చిన మొదటి నిజం అదే కావచ్చు.

సోమవారం మోల్దిర్ డాక్టరమ్మ చూసి, ఈ రిటైనర్ ఇక సరిపోదని, బలవంతంగా నొక్కితే చిగుళ్ళు దెబ్బతింటాయని చెప్పి, మళ్ళీ అయిదు అలైనర్లు రాసింది. మొదటిది పెట్టగానే తిలేగెన్ కళ్ళు చెమర్చాయి. "రెండు రోజులేగా" అంది కమ్షాత్ పక్క కుర్చీలోంచి.

ఆ శుక్రవారం కుల్పాష్ అపా ఇంట్లో చుట్టాలందరూ చేరారు. సమోవర్ పక్కన తిలేగెన్, నడుముకు కమ్షాత్ తువ్వాలు. గది పైభాగంలో, దిండుకు ఆనుకుని, పెద్దవాళ్ళ పక్కన కమ్షాత్. వచ్చినవాళ్ళందరూ ముందు ఆ దృశ్యానికి ఒక ఫోటో తీసుకుని తర్వాత కూర్చున్నారు. పెళ్ళివారి కుక్కకు దక్కిన గౌరవం ఇన్నాళ్ళకు అతనికీ దక్కింది.

అతను ఊరుకునే మనిషా? మొదటి విడత గిన్నెలన్నీ అంచుదాకా నింపాడు. గిన్నెలో గుక్కెడు పోస్తే గౌరవం, నిండా పోస్తే తాగి వెళ్ళమని అర్థం. అందరూ లేచిపోతే పని ఒక్క విడతలో ముగుస్తుందని ఎత్తు. దుయ్సెన్ ముఖం ముడుచుకుని టోపీ అందుకోబోయాడు కూడా.

"కూర్చోరా దుయ్సెన్" అంది అపా. "వాడు కొత్త కోడలు, తెలియక పోశాడు. ఒంపేసి మళ్ళీ మొదటి నుంచి పోస్తాడు."

మొదటి నుంచి పోశాడు. నలభై మందికి ఎనిమిదేసి విడతలు. తన వంతు వచ్చేసరికి టీ చల్లబడింది. తాగాలంటే తొడుగు తియ్యాలి, తియ్యాలంటే చేతులు ఖాళీ లేవు. పై నుంచి కమ్షాత్ తన డబ్బాను అందరికీ వినిపించేలా టక్‌మని మూసి, గిన్నె చాచింది. "నాకు మీగడ ఎక్కువండీ. ఇంతకీ ఎలా ఉంది ఆ తొడుగు? అత్తగారా, కోడలా?"

"ఇద్దరూ ఇక్కడే ఉన్నారు" అన్నాడు తిలేగెన్, మీగడ వేస్తూ.

టీ ముగిశాక అపా అరచేతులు చాచి దీవెన మొదలుపెట్టింది. గది అంతా చేతులు చాచింది. పంటలకు దీవెన అయింది, పిల్లలకు అయింది, అల్దియార్ కాళ్ళకు అయింది. ఆఖరున సమోవర్ వైపు తిరిగింది. "నాయనా తిలేగెన్, నీ పళ్ళు నీ మాట కంటే గట్టిగా నిలబడాలి. ఆమీన్."

"ఆమీన్" అని నలభై మంది చాచిన అరచేతులతో ముఖాలు తడుముకున్నారు. ఒక చేతిలో పాలు, ఇంకో చేతిలో డికాషన్ పట్టుకున్న తిలేగెన్, తల మాత్రం వంచి తనూ "ఆమీన్" అన్నాడు.